టంగ్‌స్టన్

టంగ్‌స్టన్ ఒక రసాయన మూలకము. దీని పరమాణు సంఖ్య 74, పరమాణు భారము 183.84. ఆవర్తన పట్టికలో 6వ గ్రూపు, 6వ పీరియడులో, క్రోమియం, మాలిబ్డినంల దిగువన ఉండే పరివర్తన లోహమిది. దీనిని వోల్‌ఫ్రం అని కూడా పిలుస్తారు. రసాయన సంకేతమైన డబ్ల్యూ అను అక్షరము ఆ రెండవ పేరు నుండే వచ్చినది. లోహములన్నింటిలోను అత్యధిక ద్రవీభవన స్థానము గలది టంగ్‌స్టన్. ఇది 3422 డిగ్రీల సెల్సియస్ వద్ద గాని కరగదు. ఇనుము 1538 డిగ్రీల వద్ద, రాగి 1085 డిగ్రీల వద్ద కరుగుతాయి.

ఈ లోహపు గొప్పతనము, దీనితో వచ్చే చిక్కు రెండూ ఆ ఒక్క గుణములోనే ఉన్నవి. దీనిని కరిగించి పోత పోయుటకు తగిన మూస దొరకదు, ఎందుకనగా ఆ వేడికి మూసయే ముందుగా కరిగిపోతుంది లేదా లోహముతో కలిసిపోతుంది. అందువలన 1783లో లోహమును వేరుచేసిన తరువాత దానిని సన్నని తీగగా సాగదీయుటకు 126 సంవత్సరములు పట్టినది. నేటికీ టంగ్‌స్టన్ వస్తువులలో అత్యధిక భాగము కరిగించి చేసినవి కావు, పొడిని అదిమి కాల్చి చేసినవే.

పేరు

స్వీడిష్ భాషలో 'టుంగ్' అనగా బరువైన, 'స్టెన్' అనగా రాయి. మొదట ఇది లోహపు పేరు కాదు, నేడు షీలైటు అని పిలిచే తెల్లని ఖనిజానికి స్వీడన్‌లో వాడిన పేరు. చిత్రమేమనగా, ఆంగ్లమూ దాని ద్వారా మన భాషలూ స్వీడిష్ మాటను స్వీకరించగా, స్వీడన్ ప్రజలు మాత్రము ఈ లోహాన్ని వోల్‌ఫ్రం అనే అంటారు.

వోల్‌ఫ్రం అను పేరు జర్మనీలోని సాక్సనీ తగరపు గనుల నుండి వచ్చినది. అక్కడ తగరపు ఖనిజముతో పాటు మరొక నల్లని బరువైన రాయి దొరికేది. అది కొలిమిలో పడినపుడు తగరములో కొంత భాగము చిట్టెముగా మారి నష్టపోయేది. తోడేలు గొర్రెను తిన్నట్లు ఈ రాయి తగరాన్ని తినివేస్తున్నదని గనివారు దానికి తోడేలు పేరు కలిపి పిలిచారు. 1546లో జార్జియస్ అగ్రికోలా దీనిని లాటిన్‌లో 'తోడేలు నురుగు' అని వ్రాసినాడు.

ఆవిష్కరణ

1781లో స్వీడన్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త కార్ల్ విల్‌హెల్మ్ షీలే, పైన చెప్పిన బరువైన తెల్లని రాయిని ఆమ్లముతో పనిచేయించి ఒక పసుపుపచ్చని పొడిని వేరుచేసినాడు. అది ఒక కొత్త లోహపు ఆక్సైడు కావచ్చునని ఆయన, ఆయన మిత్రుడు టోర్బెర్న్ బెర్గ్‌మన్ ఊహించారు. ఆ రాయికి షీలైటు అను పేరు తరువాతి కాలములో షీలే గౌరవార్థము పెట్టినదే.

లోహమును మొదట చూచినవారు స్పెయిన్ దేశపు అన్నదమ్ములు హువాన్ హోసే ఎలుయార్, ఫౌస్తో ఎలుయార్. వీరిలో హువాన్ హోసే 1782లో స్వీడన్‌లోని ఉప్సలాకు పోయి బెర్గ్‌మన్ వద్ద పాఠములు విన్నాడు. స్వదేశానికి తిరిగి వచ్చి, బెర్గారా పట్టణములో తమ్మునితో కలిసి నల్లని వోల్‌ఫ్రం రాతి నుండి కూడా అదే పసుపు పొడిని రాబట్టి, 1783లో దానిని బొగ్గుపొడితో కలిపి మూసలో కాల్చి లోహమును వేరుచేశారు. వారికి దొరికినది కరిగి గట్టిపడిన కడ్డీ కాదు, నలిపితే పొడి అయ్యే ముద్ద. ఆ కాలపు కొలిమి వేడి ఈ లోహాన్ని కరిగించుటకు ఏ మాత్రమూ చాలదు.

భౌతిక ధర్మములు

టంగ్‌స్టన్ బూడిద రంగు కలిసిన తెల్లని మెరుపు గల లోహము. సాంద్రత ఘన సెంటీమీటరుకు 19.25 గ్రాములు. లీటరు నీళ్ళసీసా పట్టేంత చోటులో టంగ్‌స్టన్ నింపగలిగితే అది 19 కిలోలకు పైగా తూగుతుంది. అదే చోటులో సీసము 11 కిలోలు, ఇనుము 8 కిలోలకు కొంచెము తక్కువ తూగుతాయి.

బంగారపు సాంద్రత 19.3. రెండింటికీ గల ఈ దగ్గర పోలిక మోసగాళ్ళకు అనుకూలమైనది. లోపల టంగ్‌స్టన్ పెట్టి పైన బంగారము పొదిగిన కడ్డీలు కొన్ని దేశాలలో పట్టుబడినవి. నీటిలో ముంచి తూచే ఆర్కిమెడీస్ పరీక్ష ఇచట పనిచేయదు, గీటురాయి కూడా పై పొరనే చూపుతుంది. అయితే ధ్వని వేగము టంగ్‌స్టన్‌లో సెకనుకు సుమారు 5200 మీటర్లు కాగా, బంగారములో సుమారు 3200 మీటర్లు మాత్రమే. అందుచేత అతిధ్వని తరంగములతో పరీక్షించి లోపలి మోసాన్ని పట్టగలరు.

వేడికి వ్యాకోచము చెందుట లోహములలో టంగ్‌స్టన్‌కు చాలా తక్కువ. ఆ వ్యాకోచము బోరోసిలికేటు గాజుకు దగ్గరగా ఉండుట వలన, గాజులో టంగ్‌స్టన్ తీగను పొదిగి గాలి చొరకుండా మూయవచ్చును. ఎర్రగా కాలిన స్థితిలో కూడ ఇతర లోహములు మెత్తబడినట్లు ఇది మెత్తబడదు. 1650 డిగ్రీలకు పైన దీనంత తన్యబలము గల లోహము మరొకటి లేదు.

చల్లగా ఉన్నపుడు మాత్రము దీని ప్రవర్తన వేరు. మామూలు టంగ్‌స్టన్ కడ్డీని గది ఉష్ణోగ్రత వద్ద వంచబోతే గాజువలె విరుగుతుంది. లోహము స్ఫటిక రేణువులతో కూడియుంటుంది, ఆ రేణువుల సరిహద్దులు బలహీనములు. ఆక్సిజన్ వంటి మాలిన్యములు అచట చేరితే పెళుసుదనము మరింత ఎక్కువవుతుంది. కొన్ని వందల డిగ్రీలకు వేడిచేసిన తరువాతనే అది సాగుటకు లొంగుతుంది.

విద్యుత్ నిరోధము రాగికి సుమారు మూడు రెట్లు. వేడెక్కిన కొలది ఈ నిరోధము బాగా పెరుగుతుంది. 230 వోల్టుల వద్ద వెలిగే 60 వాట్ల బల్బు తంతువు నిరోధము లెక్క ప్రకారము సుమారు 880 ఓములు ఉండవలెను. అదే బల్బును ఆర్పి, చల్లారిన తరువాత కొలిస్తే అందులో పదవ వంతు కూడా ఉండదు. స్విచ్చి వేసిన క్షణములో అధిక విద్యుత్తు ప్రవహించుటకు, పాత బల్బులు తరచు వేసిన క్షణముననే మాడిపోవుటకు ఇదియే కారణము.

రసాయన ధర్మములు

గది ఉష్ణోగ్రత వద్ద గాలి, నీరు, చాలా ఆమ్లములు టంగ్‌స్టన్‌ను ఏమీ చేయలేవు. హైడ్రోఫ్లోరిక్, నత్రికామ్లముల మిశ్రమము మాత్రము దీనిని కరగించుకుంటుంది. అయితే వేడిగా ఉన్న టంగ్‌స్టన్‌కు ఆక్సిజన్ శత్రువు. ఎర్రగా కాలిన లోహము గాలిలో త్వరగా ఆక్సీకరణము చెంది పసుపు ఆక్సైడుగా మారుతుంది. బల్బు లోపలి గాలిని తీసివేయుట ఇందుకొరకే.

సమ్మేళనములలో దీని ఆక్సీకరణ స్థితి ఎక్కువగా +6. టంగ్‌స్టన్ హెక్సాఫ్లోరైడు మనకు తెలిసిన అత్యంత బరువైన వాయువులలో ఒకటి, కంప్యూటరు చిప్పులలో అతి సూక్ష్మమైన లోహపు పొరలు వేయుటకు దీనిని వాడుతారు. డైసల్ఫైడు మంచి పొడి కందెన. జీవులలో పని ఉన్నదని తెలిసిన మూలకములలో అత్యంత భారమైనది కూడా టంగ్‌స్టనే. మరిగే నీటి వేడిలో బ్రతికే కొన్ని సూక్ష్మజీవుల ఎంజైములలో ఇది కనబడుతుంది.

ఖనిజములు, లోహ సంగ్రహణము

భూమి పైపొరలో టన్నుకు ఒక గ్రామును కొంచెము మించి మాత్రమే టంగ్‌స్టన్ ఉన్నది. ప్రకృతిలో విడి లోహముగా దొరకదు. ముఖ్య ఖనిజములు రెండు. ఒకటి ఇనుము, మాంగనీసు టంగ్‌స్టేటుల మిశ్రమమైన నల్లని వోల్‌ఫ్రమైటు, రెండవది కాల్షియం టంగ్‌స్టేటు అయిన షీలైటు. చీకటిలో అతినీలలోహిత దీపము వేస్తే షీలైటు నీలి తెలుపు కాంతితో వెలుగుతుంది. అన్వేషకులు రాత్రివేళ దీపము పట్టుకొని కొండల మీద వెదకే పద్ధతి దీని వలననే ఏర్పడినది.

గని నుండి వచ్చిన రాతిలో టంగ్‌స్టన్ ఆక్సైడు తరచు ఒక శాతము కన్నా తక్కువ. రాతిని నలుగగొట్టి, నీటితో కదిపి, బరువైన భాగమును వేరుచేస్తారు. వోల్‌ఫ్రమైటుకు స్వల్పముగా అయస్కాంత గుణమున్నది, తోడుగా వచ్చే తగరపు ఖనిజానికి లేదు. అందుచేత అయస్కాంతముతో ఆ రెండింటినీ విడదీయవచ్చును. ఒకప్పుడు సాక్సనీ కొలిమివారిని ఏడిపించిన చిక్కు ఇప్పుడు ఇంత సులభముగా తీరినది. షీలైటుకు ప్లవన ప్రక్రియను వాడుతారు.

ఇట్లు సాంద్రీకరించిన ఖనిజాన్ని సోడియం కార్బొనేటుతో గాని, కాస్టిక్ సోడాతో గాని అధిక పీడనము వద్ద ఉడికించగా సోడియం టంగ్‌స్టేటు ద్రావణము వస్తుంది. అందులోని సిలికా, భాస్వరము, ఆర్సెనిక్, మాలిబ్డినంలను తొలగించి, అమ్మోనియం లవణముగా మార్చి, ఇగిర్చితే అమ్మోనియం పారాటంగ్‌స్టేటు అను తెల్లని స్ఫటికములు ఏర్పడతాయి. ప్రపంచ విపణిలో టంగ్‌స్టన్ ధర చెప్పునపుడు సాధారణముగా ఈ స్ఫటికముల ధరనే చెబుతారు. వీటిని కాల్చితే పసుపు ఆక్సైడు వస్తుంది.

ఆక్సైడును క్షయకరణము చేయుటకు ఇనుముకు వలె బొగ్గు వాడరాదు. బొగ్గుతో చేస్తే లోహములో కార్బైడు చేరుతుంది. అందుకని 600 నుండి 1000 డిగ్రీల వద్ద హైడ్రోజన్ వాయువును పంపుతారు. లోహము బూడిద రంగు పొడిగా లభిస్తుంది. ఇక్కడ ఒక నేర్పున్నది. హైడ్రోజన్ పొడిగా ఉండి, ఏర్పడిన నీటి ఆవిరి వెంటనే కొట్టుకొనిపోతే రేణువులు సన్నగా వస్తాయి, ఆవిరి నిలిచియుంటే ముతకగా వస్తాయి. తరువాత తయారయ్యే పనిముట్టు గట్టిదనము ఈ రేణువుల పరిమాణము మీద ఆధారపడి ఉంటుంది కనుక కర్మాగారములలో దీనిని చాలా జాగ్రత్తగా చూస్తారు.

తీగగా మార్చుట

ఎడిసన్ 1879 నాటి బల్బులో తంతువు కర్బనముతో చేసినది. తంతువు ఎంత వేడిగా ఉంటే వెలుగు అంత ఎక్కువ, కనుక అందరి చూపు టంగ్‌స్టన్ మీద పడినది. 1904లో ఆస్ట్రియా-హంగేరీలో అలెగ్జాండర్ యూస్ట్, ఫ్రాంజో హనమన్‌లు టంగ్‌స్టన్ తంతువుకు పేటెంటు పొందారు. టంగ్‌స్టన్ పొడిని జిగురుతో కలిపి, సన్నని రంధ్రము గుండా నొక్కి, జిగురు పోయేవరకు కాల్చుట వీరి పద్ధతి. వెలుగు బాగున్నా తంతువు పెళుసు, కుదుపు తగిలితే విరిగేది.

అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో విలియం కూలిడ్జ్ 1909లో ఈ చిక్కును విడదీసినాడు. ఆయన పద్ధతి స్థూలముగా నేటికీ వాడుకలో ఉన్నది. మొదట పొడిని ఉక్కు అచ్చులో అదిమి కడ్డీగా చేస్తారు. అది చేతితో పట్టుకుంటే విరిగేటంత బలహీనముగా ఉంటుంది. కొద్దిగా కాల్చి గట్టిపరచి, హైడ్రోజన్‌లో ఉంచి, కడ్డీ గుండానే విద్యుత్తును పంపి దాదాపు 3000 డిగ్రీల వరకు వేడిచేస్తారు. రేణువులు కరగకుండానే ఒకదానికొకటి అతుక్కొని కడ్డీ కుదించుకుంటుంది. దీనిని సింటరింగ్ అంటారు. కుండను కాల్చి గట్టిపరచుట వంటిదే ఇదియు. ఆ తరువాత సుమారు 1500 డిగ్రీల వేడిలో నలువైపులా వేగముగా సుత్తి దెబ్బలు కొట్టే యంత్రములో దానిని సన్నగా చేస్తూ, ఒక్కొక్క మెట్టులో వేడిని తగ్గిస్తూ పోతారు. చివరకు గ్రాఫైటు పూసి వజ్రపు రంధ్రముల గుండా లాగుతారు.

ఈ పనిలో రేణువులు సాగి, నార పోగులవలె పొడవుగా అమరుతాయి. అట్టి తీగ చల్లగా ఉన్నపుడు కూడా వంగుతుంది. ఇనుము, రాగి వంటి లోహములను చల్లగా కొట్టినకొలది పెళుసు అవుతాయి, కాల్చి చల్లార్చితే మెత్తబడతాయి. టంగ్‌స్టన్ దీనికి సరిగా వ్యతిరేకము. తగిన వేడిలో కొట్టినకొలది వంగే గుణము వస్తుంది, మరీ ఎక్కువ వేడిలో ఉంచితే రేణువులు మరల గుండ్రముగా పెరిగి పెళుసుదనము తిరిగి వస్తుంది.

కూలిడ్జ్‌కు 1913లో దీనిపై పేటెంటు లభించినది. 1928లో అమెరికా అప్పీలు న్యాయస్థానము అందులో లోహమునకు సంబంధించిన హక్కులను కొట్టివేసినది. స్వచ్ఛమైన టంగ్‌స్టన్‌కు సాగే గుణము ప్రకృతి ఇచ్చినదే కాని కూలిడ్జ్ సృష్టించినది కాదని, ప్రకృతి గుణముపై ఎవరికీ గుత్తహక్కు ఉండదని న్యాయస్థానము భావించినది. పేటెంటు న్యాయశాస్త్రములో దీనిని నేటికీ ఉదహరిస్తారు. పెళుసు ముద్దను తీగగా మార్చిన శ్రమను 'ప్రకృతి గుణము' అని తేల్చివేయుట న్యాయమేనా అను ప్రశ్న మిగిలే ఉన్నది.

1913లోనే అర్వింగ్ లాంగ్‌మ్యూర్ బల్బులో నైట్రోజన్ వంటి జడ వాయువును నింపి, తంతువును చుట్టలుగా చుట్టి దాని ఆయువును పెంచినాడు. వేడికి తంతువు జారిపోకుండా అలాడర్ పాట్జ్ కనుగొన్న పొటాషియం కలిపే పద్ధతి ఆపై వచ్చినది. లోహములో చిక్కుకున్న అతి సూక్ష్మమైన పొటాషియం బుడగలు రేణువుల పెరుగుదలను అడ్డుకుంటాయని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చిన తరువాత గాని తెలియలేదు. 2009 నుండి ఐరోపా సమాఖ్య, ఆ తరువాత పలు దేశములు ఈ బల్బులను దశలవారీగా నిలిపివేసినవి. ఎల్.ఇ.డి. దీపములు వచ్చిన తరువాత తంతువుగా టంగ్‌స్టన్ వాడుక చాలా తగ్గిపోయినది. అయినను లోహానికి గిరాకీ తగ్గలేదు. కారణము తరువాతి విభాగములో ఉన్నది.

టంగ్‌స్టన్ కార్బైడు

నేడు వాడే టంగ్‌స్టన్‌లో సగానికి పైగా కార్బైడు పనిముట్లకే పోతుంది. టంగ్‌స్టన్ పొడిని కర్బనపు మసితో కలిపి సుమారు 1400 డిగ్రీలకు పైన కాల్చితే కార్బైడు వస్తుంది. ఇది అత్యంత కఠినము, కాని ఒంటరిగా పెళుసు. 1923లో బెర్లిన్‌లోని ఓస్రం ప్రయోగశాలలో కార్ల్ ష్రోటర్ కార్బైడు పొడిలో కొద్దిగా కోబాల్టు వంటి లోహము కలిపి కాల్చినాడు. కరిగిన కోబాల్టు కార్బైడు రేణువుల మధ్య పాకి, రాళ్ళ మధ్య సిమెంటు వలె వాటిని పట్టి ఉంచినది. ఇంతకూ ఈ పరిశోధన మొదలైనది టంగ్‌స్టన్ తీగను లాగే ఖరీదైన వజ్రపు రంధ్రములకు బదులు వెదకుటకే.

క్రుప్ సంస్థ 1926లో దీనిని 'వీడియా' పేరుతో అమ్మకానికి పెట్టినది. జర్మన్‌లో 'వజ్రము వంటిది' అను మాటలకు ఇది కుదింపు. బెంగళూరులో 1964లో వీడియా ఇండియా సంస్థ ఏర్పడినది. మన లేతు పనివారు, గోడలకు రంధ్రములు వేసే ఎలక్ట్రీషియన్లు నేటికీ ఏ సంస్థ చేసిన కార్బైడు ములుకునైనా 'వీడియా బిట్టు' అనే అంటారు.

తెలంగాణ, రాయలసీమల గ్రానైటు నేలలలో బోరుబావి తవ్వే లారీ యంత్రము కూడా దీని మీదనే ఆధారపడి ఉన్నది. గొట్టము అడుగున గాలి ఒత్తిడితో కొట్టే సుత్తి, దాని చివర బిట్టు, బిట్టు ముఖము మీద గుండీల వలె పొదిగిన కార్బైడు ముక్కలు ఉంటాయి. రాతిని పొడిచేసేది ఆ గుండీలే, మిగిలినదంతా ఉక్కు. గుండీలు అరిగి చదునైతే తవ్వకము నెమ్మదిస్తుంది, అప్పుడు వాటిని సానపట్టి మరల గుండ్రముగా చేస్తారు. బొగ్గు గనులలో కోతయంత్రముల పళ్ళు, లోహములను తొలిచే యంత్రముల ములుకులు, బాల్‌పాయింటు కలము కొనన తిరిగే చిన్న గుండు వరకు కార్బైడు వాడుక విస్తరించి ఉన్నది.

ఇతర ఉపయోగములు

ఉక్కులో టంగ్‌స్టన్ కలుపుట కార్బైడు కన్నా పాతది. 1868లో ఇంగ్లండులో రాబర్ట్ మషెట్ నీటిలో ముంచకుండానే గాలిలో గట్టిపడే టంగ్‌స్టన్ ఉక్కును చేసినాడు. తరువాత అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్, మాన్సెల్ వైట్‌లు దీనిని వేడితో శుద్ధిచేసి హైస్పీడు ఉక్కును రూపొందించారు. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో ఆ పనిముట్టు ఎర్రగా కాలుతూ కూడా లోహాన్ని కోయుట చూచి ఇంజనీర్లు ఆశ్చర్యపోయారు.

కూలిడ్జ్ 1913లో రూపొందించిన ఎక్స్-రే గొట్టములో ఎలక్ట్రాన్లను వెదజల్లే తంతువు, అవి తాకే లక్ష్యము రెండూ టంగ్‌స్టనే. నేటి ఆసుపత్రులలోని గొట్టములు దాని సంతతివే. టిగ్ వెల్డింగులో కరగని ఎలక్ట్రోడుగా వాడుతారు. నికెలు, ఇనుము కొద్దిగా కలిపిన భార మిశ్రమలోహములు కాన్సరు చికిత్సా యంత్రములలో కిరణములను ఆపుటకు, విమానములలో సమతూకపు బరువులుగా, యుద్ధ ట్యాంకుల కవచమును ఛేదించే బాణములుగా ఉపయోగపడతాయి. కేంద్రక సంలీన ప్రయోగమైన ఈటర్ రియాక్టరులో లోపలి గోడకు బెరీలియము బదులు టంగ్‌స్టన్ వాడవలెనని 2023లో ప్రతిపాదించారు.

ఆరోగ్యము, పునర్వినియోగము

లోహముగా టంగ్‌స్టన్ పెద్దగా విషము కాదు. కాని కోబాల్టుతో కూడిన కార్బైడు ధూళిని ఏళ్ళ తరబడి పీల్చిన పనివారికి ఊపిరితిత్తులు గట్టిపడే వ్యాధి వస్తుంది. సానపట్టే చోట నీరు, గాలిని లాగే యంత్రము, ముక్కుకు తగిన తొడుగు తప్పనిసరి. చిన్న కార్ఖానాలలో ఈ మూడింటిని నిర్లక్ష్యము చేయుట ఎక్కువ.

అరిగిన కార్బైడు ముక్కలను పారవేయరాదు, వాటికి మంచి ధర ఉన్నది. కరిగిన జింకులో ఉంచితే అది కోబాల్టుతో కలిసి ముక్క ఉబ్బి గుల్లబారుతుంది. పిమ్మట జింకును ఆవిరిచేసి తీసివేస్తే పొడి తిరిగి వాడుకకు వస్తుంది.

ఉత్పత్తి, భారతదేశములో లభ్యత

ప్రపంచములో ఏటా సుమారు 80 వేల టన్నుల టంగ్‌స్టన్ గనుల నుండి వస్తుంది, అందులో నూటికి 80 పాళ్ళు చైనాదే. ఈ లోహము కొద్దిచోట్ల మాత్రమే దొరుకుట యుద్ధకాలములలో పదేపదే సమస్య అయినది. 1914కు ముందు బ్రిటిషు సామ్రాజ్యపు గనుల ఖనిజము కూడా చాలావరకు శుద్ధికి జర్మనీకే పోయేది, యుద్ధము వచ్చిన తరువాత బ్రిటను బర్మా గనులను త్వరపెట్టవలసి వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధములో తటస్థ దేశమైన పోర్చుగల్ ఇరుపక్షాలకూ ఖనిజము అమ్మి, మిత్రరాజ్యముల ఒత్తిడికి 1944 జూన్‌లో ఎగుమతిని ఆపినది. 2025 ఫిబ్రవరి 4న చైనా టంగ్‌స్టన్ ఉత్పత్తుల ఎగుమతికి అనుమతి పత్రము తప్పనిసరి చేసినది, ఆపైన ధరలు బాగా పెరిగినవి.

భారతదేశములో రాజస్థాన్‌లోని డేగానా గని ప్రపంచ యుద్ధముల కాలములో పనిచేసి, తరువాత మూతపడినది. కోలారు బంగారు గనుల వ్యర్థపు ఇసుకలో షీలైటు ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా బురుగుబండ, తపసికొండ ప్రాంతములలో గ్రాఫైటుతో పాటు టంగ్‌స్టన్ ఖనిజమును గుర్తించారు. అవసరము మాత్రము దిగుమతుల మీదనే తీరుతున్నది. 2023లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన 30 కీలక ఖనిజముల జాబితాలో టంగ్‌స్టన్ ఉన్నది. పరిజ్ఞానము విషయములో హైదరాబాదుకు చోటున్నది. ట్యాంకు బాణముల భార మిశ్రమలోహమును ఇక్కడి రక్షణ లోహ పరిశోధనా ప్రయోగశాల (డి.ఎం.ఆర్.ఎల్.) రూపొందించగా, తిరుచిరాపల్లి కర్మాగారములో ఉత్పత్తి చేపట్టారు.

ఖనిజము దొరికిన చోటెల్లా తవ్వుట సాధ్యము కాదని మదురై జిల్లాలో తెలిసినది. 2024 నవంబరులో అక్కడి నాయక్కర్‌పట్టి టంగ్‌స్టన్ క్షేత్రపు వేలములో హిందుస్తాన్ జింక్ సంస్థ ఎంపికైనది. ఆ క్షేత్రములో 2022లో తమిళనాడు జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించిన అరిట్టాపట్టి కొండల భాగము కూడా ఉన్నది. ఆ కొండలలో తమిళ బ్రాహ్మీ శాసనములు, జైన మునుల రాతి పడకలు, పాండ్యుల నాటి గుహాలయము ఉన్నవి. చుట్టుపక్కల గ్రామస్థులు ఆందోళన చేశారు, డిసెంబరులో రాష్ట్ర శాసనసభ వ్యతిరేక తీర్మానము చేసినది. 2025 జనవరి 23న కేంద్ర గనుల శాఖ ఆ వేలమును రద్దు చేసినది.